రోజూ వీడియో కాల్ చేస్తున్నాంగా!

అమ్మనో నాన్ననో ఓల్డేజ్ హోమ్‌లో చేర్పించిన ఇంట్లో ఈ మాట తప్పకుండా వినిపిస్తుంది. "అక్కడ అన్నీ టైముకు చూస్తారు, వారం వారం డాక్టరు వస్తాడు, మేం రోజూ వీడియో కాల్ చేస్తున్నాంగా." కీసర, ఘట్‌కేసర్, శామీర్‌పేట, మొయినాబాద్ వైపు వెళ్తుంటే కనిపించే హోమ్‌ల బోర్డుల మీద నర్సు, ఫిజియోథెరపీ, శాకాహార భోజనం పక్కనే వైఫై అని కూడా రాసి ఉంటుంది. ఆ వైఫై ఎవరి కోసమో అందరికీ తెలుసు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో సిడ్నీలోనో ఉన్న పిల్లలు ఫోన్లో కనిపించడం కోసం.

ఆ మాట అనేవాళ్లు తప్పించుకోవడానికి అంటున్నారని నేననుకోను. చాలామంది నిజంగానే రోజూ చేస్తారు. రాత్రి పిల్లలకు అన్నాలు పెట్టి, నిద్ర ఆపుకుని మరీ చేస్తారు. అలా రోజూ తెర మీద కనిపిస్తే హోమ్‌లో ఉన్న మనిషికి ఒంటరితనం తగ్గుతుందా అన్నదే ప్రశ్న. దీని మీద పరిశోధనలు ఒకదానికొకటి పొంతన లేనట్టు కనిపిస్తాయి. కాస్త దగ్గరగా చూస్తే అవి మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు చెబుతున్నాయని తెలుస్తుంది.

అందరూ ఎత్తిచూపేది 2020లో కాక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధనల సంస్థ ఇచ్చిన సమీక్ష. కాక్రేన్ సమీక్షకులు కొత్తగా ప్రయోగాలు చెయ్యరు. ఒక విషయం మీద ప్రపంచంలో జరిగిన ప్రయోగాలన్నీ పోగేసి, పద్ధతిగా జరిగినవేవో వడపోసి, కలిపి లెక్కగడతారు. కోవిడ్‌తో హోమ్‌ల గేట్లు మూతపడ్డ రోజుల్లో, వీడియో కాల్స్ వృద్ధుల ఒంటరితనాన్ని తగ్గిస్తాయా అని హడావుడిగా వెతికారు. వడపోతకు నిలిచినవి మూడంటే మూడు. మూడూ తైవాన్‌లోని నర్సింగ్ హోమ్‌లలో జరిగినవే, అన్నీ కోవిడ్‌కు ముందువే. మొత్తం కలిపి 201 మంది.

ఒంటరితనాన్ని కొలవడానికి యూసీఎల్ఏ స్కేల్ అని ఒకటుంది. నాకంటూ ఎవరూ లేరనిపిస్తుందా, నన్ను అర్థం చేసుకునేవాళ్లు ఉన్నారా, ఇలాంటి ఇరవై ప్రశ్నలు. 20 నుంచి 80 దాకా పాయింట్లు. ఎక్కువ వస్తే ఒంటరితనం ఎక్కువున్నట్టు. వీడియో కాల్స్ అందినవాళ్లకు, అందనివాళ్లకు మధ్య మూడు నెలల తర్వాత, ఆరు నెలల తర్వాత తేడా అర పాయింటు కూడా రాలేదు. ఏడాది తర్వాత రెండు పాయింట్ల పైచిలుకు కనిపించింది గానీ, అది కాల్స్ వల్లే అని చెప్పడానికి సరిపోదు. ఇంకో చిక్కేమిటంటే, తైవాన్‌లో ఆ పరిశోధన మొదలుపెట్టినవాళ్లు తమ తొలి అధ్యయనంలో ఒంటరితనం తగ్గిందనే రాశారు. మూడింటినీ కలిపి చూసిన సమీక్షకులు మాత్రం తేడా లేదు, ఉన్నా దాదాపు లేనట్టే, పైగా ఈ ఆధారం మీద పెద్దగా నమ్మకం పెట్టుకోలేం అన్నారు.

పత్రికల్లో ఇది "వీడియో కాల్స్ వల్ల లాభం లేదు" అని వస్తుంది. అలా చదవకూడదు. ఆ తొలి ప్రయోగంలో పెట్టుకున్న నియమం వారానికి కనీసం అయిదు నిమిషాలు. వారానికి అయిదు నిమిషాలు! మన దగ్గర ప్రవరలు చెప్పుకోవడానికే చాలదు. అంత చిన్న మోతాదుకు, అంత కొద్దిమంది మీద ఫలితం తేలలేదు అనడం వేరు, మందే పనిచెయ్యదు అనడం వేరు.

దీనికి పూర్తి ఎదురుగా కనిపించేది అమెరికాలో ఓరెగన్ పరిశోధకులు 2018లో చెప్పింది. అరవై దాటిన 1,424 మంది వివరాలు తీసుకుని, స్కైప్ లాంటి వీడియో చాట్ వాడేవాళ్లను ఏ ఆన్‌లైన్ సాధనమూ వాడనివాళ్లతో పోల్చారు. రెండేళ్ల తర్వాత డిప్రెషన్ లక్షణాలు ఉండే అవకాశం వీడియో చాట్ వాడేవాళ్లలో దాదాపు సగమే ఉంది. ఈమెయిల్‌కి, సోషల్ మీడియాకి, మెసేజ్‌లకి ఆ తేడా రాలేదు. వినడానికి ఎంత బాగుందో! కానీ వీళ్లంతా తమ ఇళ్లలో ఉంటున్నవాళ్లు. కొలిచింది డిప్రెషన్‌ని, ఒంటరితనాన్ని కాదు. అన్నిటికంటే ముఖ్యం, ఎవరికి కాల్స్ ఉండాలో పరిశోధకులు నిర్ణయించలేదు, వాళ్లే వాడుకుంటున్నారు. తనంతట తాను ఫోన్ తీసి, కళ్లజోడు పెట్టుకుని, మనవడికి కాల్ కలపగలిగిన పెద్దాయనకు చూపుంది, వేళ్లలో పట్టుంది, పలికే మనవడూ ఉన్నాడు. ఆయన దిగులు పడకపోవడానికి కాల్ కారణమా, ఇవన్నీ కారణమా? ఇలాంటివాటిని పరిశోధకులు లెక్కల్లో సర్దుబాటు చేస్తారు గానీ, పూర్తిగా విడదియ్యలేరు.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది మూడోది. అందులో వీడియో లేనే లేదు. 2020లో సెంట్రల్ టెక్సస్‌లో, ఇంటికి భోజనం తెచ్చిచ్చే మీల్స్ ఆన్ వీల్స్ సేవ మీద ఆధారపడ్డ 240 మందిని తీసుకున్నారు. ఎక్కువమంది వృద్ధులే. చీటీ తీసినట్టు సగం మందికి నాలుగు వారాల పాటు మామూలు ఫోన్ కాల్స్ చేయించారు. చేసింది పిల్లలో బంధువులో కాదు. 17 నుంచి 23 ఏళ్ల మధ్య వయసున్న, ముక్కూమొహం తెలియని కుర్రకారు. వాళ్లకు నేర్పింది కూడా పెద్దగా ఏమీ లేదు: ఎదుటి మనిషి దేని గురించి మాట్లాడాలనుకుంటే దాని గురించే మాట్లాడనివ్వడం, శ్రద్ధగా విని దాని మీదే ఇంకో ప్రశ్న అడగడం. మొదటి అయిదు రోజులు రోజూ చేసి, ఆ తర్వాత వారానికి ఎన్నిసార్లు, ఏ టైముకు అన్నది అవతలివాళ్లకే వదిలేశారు. ఒంటరితనం తగ్గింది. దిగులు, ఆందోళన కూడా తగ్గాయి. 2021లో జామా సైకియాట్రీ పత్రికలో ఇది వచ్చింది.

బొమ్మ కనిపించి, కన్నబిడ్డలే మాట్లాడినా తేలని ఫలితం, బొమ్మ లేకుండా పరాయి పిల్లలు మాట్లాడితే వచ్చింది. హోమ్‌లు వేరు, ఇళ్లు వేరు కాబట్టి రెండిటినీ పక్కపక్కన పెట్టి పందెం కట్టలేం. అయినా ఒక అనుమానం మాత్రం గట్టిపడుతుంది. మనం ఇన్నాళ్లూ తెర గురించి ఆలోచిస్తున్నాం, కాల్‌లో ఎవరు ఎవరిని అడుగుతున్నారన్నది ఆలోచించడం లేదు.

ఒంటరితనం ఒక్క రకం కాదని అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ వైస్ 1973లోనే చెప్పాడు. బాగా దగ్గరైన ఒక మనిషి లేని లోటు ఒకటి. నలుగురిలో నాకూ ఒక చోటుంది అనే భావం పోవడం ఇంకొకటి. ఒకదాని కొరత ఇంకోదానితో తీరదు. భర్త పోయిన మనిషి చుట్టూ పదిమంది చేరినా ఆ వెలితి అలాగే ఉంటుంది. కొడుకు రోజూ ఫోన్ చేసినా, గుమ్మంలో నిలబడి పలకరించే నలుగురు లేకపోతే సాయంత్రాలు గడవవు.

హైదరాబాద్ హోమ్‌లో ఉన్న మనిషి పోగొట్టుకున్నవాటిని లెక్కపెట్టండి. రామంతాపూర్‌లోనో మలక్‌పేటలోనో ముప్ఫై ఏళ్లున్న వీధి. పేరు పెట్టి పలకరించే కూరగాయలాయన. శనివారం గుడి దగ్గర కలిసేవాళ్లు. గ్యాస్ బుక్ చెయ్యడం, పనిమనిషితో వాదులాట, కరెంటు బిల్లు కట్టడం లాంటి చిన్నాచితకా పెత్తనాలు. వీటిలో వీడియో కాల్ తిరిగి ఇవ్వగలిగింది ఏముంది? కొడుకు మొహం ఇస్తుంది. మిగతా జాబితా అలాగే ఉంటుంది. అందుకే "రోజూ మాట్లాడుతున్నాం, అయినా ఎందుకో డల్‌గా ఉంటోంది" అని పిల్లలు అయోమయపడతారు. వాళ్లు నింపుతున్న గిన్నె ఒకటి, ఖాళీగా ఉన్న గిన్నె ఇంకొకటి.

పోనీ ఆ మొహమైనా సరిగ్గా అందుతోందా? మా పెద్దమ్మ కీసర వైపు ఒక హోమ్‌లో ఉంటుంది. ఉప్పల్ దగ్గర ప్రభుత్వ బడిలో తెలుగు టీచరుగా రిటైరైంది. అన్నయ్య డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. ఒక పొద్దున్న నేనక్కడ ఉన్నప్పుడే కాల్ వచ్చింది. ఫోన్ పట్టుకుంది ఆయా. తెరలో పెద్దమ్మ నుదురు, సీలింగ్ ఫ్యాను. "అమ్మా, ఫోను కొంచెం కిందికి దించమను." పెద్దమ్మ కొడుకుని వదిలి ఆయా వైపు తిరిగింది. అది సర్దుకునే లోపు మొదటి నిమిషం అయిపోయింది. "తిన్నావా?" "ఆఁ, తిన్నా." "ఏం టిఫిను?" "ఉప్మా." "మందులేసుకున్నావా?" "సిస్టర్ ఇచ్చింది." తర్వాత అన్నయ్య ఇంట్లో కొత్తగా వేయించిన డెక్ చూపించాడు. వదిన వచ్చి చెయ్యి ఊపింది. పిల్ల "హాయ్ నానమ్మా" అని, అదే ఊపులో "బై నానమ్మా" అంది. ఈ లోపు పక్క గది పెద్దాయన తన కాల్ కోసం గుమ్మంలో నిలబడ్డాడు. "సరేనమ్మా, ఉంటా మరి." ఆయా ఫోన్ తీసుకుని వెళ్లిపోయింది.

తర్వాత కూర్చుని మాట్లాడుతుంటే అసలు సంగతులు వచ్చాయి. రాత్రుళ్లు మోకాళ్లు సలుపుతున్నాయని. పక్క మంచం ఆవిడని ఆస్పత్రికి తీసుకెళ్లి వారమైంది, తిరిగొస్తుందో లేదో అడిగితే ఎవరూ చెప్పడం లేదని. ఇవన్నీ ఫోన్లో ఎందుకు చెప్పలేదన్నాను. "ఆ పిల్ల పక్కనే ఉంటది కదరా" అంది. నిజమే కదా. తనకు స్నానం చేయించి, అన్నం పెట్టే మనిషి ఫోన్ పట్టుకుని నిలబడితే, ఆ మనిషి ముందు హోమ్ గురించి ఎవరు మాత్రం నోరు విప్పుతారు? "అంతా బాగానే ఉంది" అనే మాట ఆ పరిస్థితిలో పుట్టిన మాట. దాన్ని విని డాలస్‌లో నిశ్చింతగా పడుకుంటారు.

సాంకేతికంగా కూడా వృద్ధుల మీద పడే భారం మనకు తెలియదు. మనుషులు మాట్లాడుకునేటప్పుడు ఒకరి మాట ముగిశాక ఇంకొకరు అందుకోవడానికి పట్టే సమయం సగటున సెకనులో అయిదో వంతు. పది భాషల మీద చేసిన అధ్యయనం ఒకటి 2009లో ఇది చూపించింది. వీడియో కాల్‌లో బొమ్మను కుదించి, సముద్రాలు దాటించి, మళ్లీ విప్పేసరికి ఆ కాస్త వ్యవధి ఎటో కొట్టుకుపోతుంది. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఇద్దరూ ఆగి, "నువ్వు చెప్పు" "కాదు, నువ్వు చెప్పు" అనుకుంటారు. కుర్రాళ్లు దాన్ని పట్టించుకోరు. మాట వెతుక్కోవడానికే టైము పట్టే పెద్దవాళ్లు రెండుసార్లు అడ్డం పడ్డాక ఊరుకుంటారు, వినడానికే పరిమితమవుతారు. వయసుతో వచ్చే చెవుడు ముందు పైస్థాయి ధ్వనుల్ని మింగేస్తుంది. మాట వినపడుతుంది గానీ స, త, క లాంటి హల్లులు జారిపోయి అర్థం కాదు. ఇక్కడే వీడియో మామూలు ఫోన్ కంటే మేలు, పెదవుల కదలిక చూసి సగం పోల్చుకోవచ్చు. కానీ మొహం దగ్గరగా, వెలుతురులో ఉండాలి. కిటికీకి వీపు పెట్టి కూర్చున్న కొడుకు ఇటువైపు ఒక నల్లటి ఆకారం.

అయితే నా దృష్టిలో పెద్ద లోపం వీటిలో ఏదీ కాదు. కాల్ అంతా చూపించడంగా మారిపోయింది. ఇల్లు చూపిస్తాం, మంచు చూపిస్తాం, బర్త్‌డే కేకు చూపిస్తాం. పెద్దవాళ్లు ప్రేక్షకులు. వాళ్లను అడిగే ప్రశ్నలు కూడా నర్సు రికార్డులో ఉండేవే: తిండి, మందులు, బీపీ, విరేచనం. టెక్సస్ కుర్రాళ్లు చేసింది దీనికి సరిగ్గా తలకిందులు.

పెద్దమ్మ విషయంలో రెండు మార్పులు జరిగాయి. మొదటిది చిన్నది. ఆవిడకే సొంతంగా ఒక ఫోను, దాన్ని బల్ల మీద నిలబెట్టే స్టాండు. ఆయా వచ్చి కాల్ కలిపి వెళ్లిపోతుంది. రెండోది అనుకోకుండా జరిగింది. అక్కడ అన్నయ్య కూతురు వారాంతాల్లో మనబడి తెలుగు క్లాసుకు వెళ్తుంది. ల, ళ ఎక్కడ ఏది రాయాలో దానికి పట్టుబడటం లేదు. వదిన విసిగిపోయి హోంవర్క్ నానమ్మకి అప్పగించింది. ఇప్పుడు వారానికి రెండు రోజులు పెద్దమ్మ ఉక్తలేఖనం చెబుతుంది. పిల్ల రాసి కెమెరాకి చూపిస్తుంది. "అది కళ్లు కాదు తల్లీ, కల్లు. ఆ కల్లు తాగితే మీ నాన్న ఊరుకోడు." పిల్ల పడీపడీ నవ్వుతుంది.

ఆ కాల్ ఎంతసేపు నడుస్తుందన్నది అలా ఉంచండి, ముందు రోజు నుంచే దాని పని మొదలవుతుంది. ఏ మాటలివ్వాలో పెద్దమ్మ నోట్‌బుక్కులో రాసుకుంటుంది. ళ ఉన్న మాటలు చాలక, ఆర్టీసీలో కండక్టరుగా చేసిన పక్క గది పెద్దాయన్ని అడిగితే, ఆయన ఊళ్ల పేర్లు చెప్పాడట. భువనగిరి నుంచి కాళేశ్వరం దాకా రూట్లన్నీ గుర్తే కదా. మధ్యాహ్నం భోజనాల దగ్గర అదే కబురు. ఒక్క ఇంటి అనుభవంతో సూత్రం కట్టకూడదని తెలుసు. అయినా వైస్ చెప్పిన రెండో గిన్నెలో మొదటిసారి రెండు చుక్కలు పడటం నేను చూశాను. అది కొడుకు మొహం కనిపించినందుకు కాదు, ఆవిడకు మళ్లీ ఒక పని దొరికినందుకు.

టైము సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ హోమ్‌లో అదే పెద్దది. అమెరికాలో ఏటా మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి జరుపుతారు. మనకు అది లేదు. డాలస్‌లో రాత్రి తొమ్మిదికి చేసే కాల్ ఎండాకాలమంతా ఇక్కడ పొద్దున ఏడున్నరకు మోగుతుంది. నవంబరు రాగానే ఎనిమిదిన్నరకు మారుతుంది. అక్కడివాళ్లకు తేడా తెలియదు, వాళ్ల తొమ్మిది తొమ్మిదే. ఇక్కడ ఏడున్నరకే జడ వేసుకుని, టిఫిన్‌కి వెళ్లకుండా ఫోన్ ముందు కూర్చున్న మనిషికి ఆ గంట టెన్షన్. ఏమైంది, ఆరోగ్యం బాలేదా, యాక్సిడెంటా? మార్చిలో దీనికి రివర్సు. గంట ముందే మోగి, స్నానంలో ఉండగా మిస్డ్ కాల్ పడుతుంది. ముందు వారం ఒక్క మాట చెబితే పోయేదానికి ఏటా రెండుసార్లు ఈ తంతు.

మతిమరుపు జబ్బు ముదిరినవాళ్లకు ఇదంతా వర్తించదు. తెరలో ఉన్న కొడుకు గదిలోకి ఎందుకు రావడం లేదో వాళ్లకు అర్థం కాకపోవచ్చు, కాల్ కట్టయ్యాక వెతుక్కోవచ్చు. అలాంటివారి కోసం ఇంటివాళ్ల గొంతు రికార్డు చేసి వినిపించే పద్ధతి మీద కూడా 2017లో కాక్రేన్ సమీక్ష వచ్చింది. పనిచేస్తుందని గట్టిగా తేలలేదు. ఇక్కడ నియమాలేమీ లేవు. ఆ మనిషి కాల్ తర్వాత స్థిమితంగా ఉంటోందా, కలత పడుతోందా అని హోమ్‌వాళ్లని అడిగి, దాన్నిబట్టి నడుచుకోవడమే.

మరి కాల్ చేసేవాళ్లే లేనివాళ్లు? తైవాన్ ప్రయోగాల్లో కాల్ అంటే ఇంటివాళ్లతో మాట్లాడటమే. ఎవరూ లేనివాళ్లకు ఆ ప్రయోగంలోనే చోటు లేదు. నగరంలో దాతల మీద నడిచే ఉచిత ఆశ్రమాల్లో అలాంటివాళ్లు ఎందరో. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కింద ట్రిబ్యునల్‌కు వెళ్తే పిల్లల చేత నెలకు 10,000 రూపాయల దాకా ఇప్పించవచ్చు. మాట్లాడించడం ఆ చట్టం పనికాదు. చైనా అయితే తల్లిదండ్రులను తరచూ వచ్చి చూడాలని చట్టంలోనే రాసి, 2013లో అమల్లోకి తెచ్చింది. కోర్టు పంపితే వచ్చిన కొడుకు ఏం మాట్లాడతాడో నాకైతే ఊహకు అందదు.

కేంద్రం నడిపే ఎల్డర్‌లైన్ 14567 ఉంది. దేశమంతటా విస్తరించకముందు, 2017లో టాటా ట్రస్ట్స్ విజయవాహిని ఫౌండేషన్‌తో కలిసి దాన్ని మొదలుపెట్టింది హైదరాబాద్‌లోనే. పింఛను, ఆస్తి గొడవ, వేధింపులు, మనసు బాలేకపోవడం, దేనికైనా ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు. కాకపోతే అది కష్టమొచ్చినప్పుడు మనం చేసే నంబరు. మంగళవారం సాయంత్రం నాలుగింటికి "నిన్న మీరు సగంలో ఆపిన ఆ నిజాం కాలేజీ కథ చెప్పండి" అని అడిగే గొంతు కాదు.

ఆ గొంతు కోసం మనకు కొత్త యాప్ అక్కర్లేదు. డిగ్రీ కాలేజీల ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) పిల్లలు అక్టోబరు 1న వృద్ధుల దినోత్సవానికి హోమ్‌లకు వస్తారు, పండ్లు పంచుతారు, ఫొటో దిగి వెళ్తారు. ఒక ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్‌లో వందమంది ఉంటారు. ఒక్కొక్కరు ఏడాదికి 120 గంటల సేవ చూపించాలి. హైదరాబాద్ పిల్లలకు తెలుగూ వచ్చు, హిందీ ఉర్దూల్లోనూ నెట్టుకొస్తారు. టెక్సస్‌లో ఆ నాలుగు వారాలు 120 మందికి ఫోన్లు చేసింది పదహారు మంది కుర్రాళ్లు. తలకు ఆరు నుంచి తొమ్మిది మంది, ఒక్కో కాల్ సుమారు పది నిమిషాలు.